పెళ్లి ఫోటోల్లో తలకిందుల చుక్కలు: లెన్సు ముందు క్లియర్ ఫిల్టర్ ఉంచాలా, తీసేయాలా?

పానగల్ గట్టు | నల్లగొండ | ఆదివారం రాత్రి 10:12

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా పెళ్లి ఫోటోలు తీస్తున్నాను. మొన్న మిర్యాలగూడ దగ్గర ఒక రిసెప్షన్ తీశాను. వేదిక వెనుక సీరియల్ లైట్లతో తోరణం కట్టారు. ఇంటికి వచ్చి కంప్యూటర్‌లో చూస్తే పెళ్లికూతురి చీర కుచ్చిళ్ల మీద ఆకుపచ్చ చుక్కలు వరుసగా ఉన్నాయి. పైన తోరణం ఏ వంపు తిరిగిందో కింద చుక్కలూ అదే వంపులో, కాకపోతే తలకిందులుగా ఉన్నాయి. 40కి పైగా ఫోటోలు ఇలాగే వచ్చాయి. పెళ్లివారికి ఏమని చెప్పాలో తోచక రెండు రాత్రులుగా కూర్చుని ఒక్కో చుక్కా చెరుపుతున్నాను.

కెమెరా కెనాన్, లెన్సు 24-105. లెన్సు కొన్న రోజే దుకాణదారు 300 రూపాయలకు ఒక యూవీ ఫిల్టర్, అంటే లెన్సు ముందు మరతో పట్టే గాజు పలక, బిగించి ఇచ్చాడు. ఆనాటి నుంచి దాన్ని తీయలేదు. లెన్సు లోపల ఏదైనా పాడైందా? హైదరాబాద్ తీసుకెళ్లి చూపించాలా?

గాజు లెక్క | గద్వాల | ఆదివారం రాత్రి 10:40

ప్రయాణం పెట్టుకోకండి. ముందు ఇంట్లోనే ఒక పని చేయండి. అసలు ఫోటో, అంచులు కత్తిరించనిది, తెరవండి. మూల నుంచి మూలకు రెండు గీతలు గీస్తే మధ్య బిందువు తెలుస్తుంది. తోరణంలో ఒక దీపం నుంచి ఆ బిందువు మీదుగా నేరుగా గీత గీసి, అంతే దూరం అవతలికి పొడిగించండి. అక్కడ ఆకుపచ్చ చుక్క ఉందా?

పానగల్ గట్టు | ఆదివారం రాత్రి 11:05

ఉంది సార్. ఐదు దీపాలకు గీసి చూశాను. ఐదింటికీ సరిగ్గా అక్కడే ఉంది.

గాజు లెక్క | గద్వాల | సోమవారం ఉదయం 6:20

అయితే మీ లెన్సు క్షేమం. తప్పు ఫిల్టర్‌ది. నేను భౌతిక శాస్త్రం చెప్పేవాడిని కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, ఓపిక పట్టండి.

కోటింగ్ లేని మామూలు గాజు పలక మీద కాంతి పడితే ఒక్కో ముఖం దాదాపు 4 శాతాన్ని వెనక్కి తిప్పుతుంది. రెండు ముఖాలకూ కలిపి 8 శాతం. మంచి మల్టీకోటింగ్, అంటే కాంతి వెనక్కి తిరగకుండా వేసే పలుచని పూతలు, ఉంటే ఒక్కో ముఖం దగ్గర ఇది అర శాతం లోపుకు దిగుతుంది. 8 శాతం కాంతి తగ్గినంత మాత్రాన ఫోటో చీకటి పడదు, స్టాపులో (వెలుగు రెట్టింపో సగమో అయ్యే ఒక మెట్టు) ఎనిమిదో వంతు తేడా వస్తుంది. ఇబ్బంది అంతా ఆ తిరిగిన కాంతి ఎక్కడికి వెళ్లి చేరుతుందన్న దాంట్లో ఉంది.

దీపం వెలుగు లెన్సులోంచి వెళ్లి, కెమెరా లోపల బొమ్మను పట్టే సెన్సర్ మీద చిన్న చుక్కగా పడుతుంది. సెన్సర్ ముఖం కూడా నున్నగా మెరిసేదే. అందుకని కొంత వెలుగు అక్కడి నుంచి వెనక్కి బయలుదేరి, లెన్సు దాటి బయటికి వచ్చేసరికి సమాంతర కిరణాలవుతుంది. లెన్సులోని గాజులు ఎక్కువగా వంపు తిరిగినవి. వాటికి తగిలి వెనక్కి మళ్లిన వెలుగు చాలావరకు చెదిరిపోతుంది. ఫిల్టర్ అలా కాదు, బల్లపరుపు పలక. వచ్చిన కిరణాలను వచ్చిన తీరులోనే లోపలికి పంపుతుంది. అవి మళ్లీ సెన్సర్ మీదే, మధ్య బిందువుకు అవతలి వైపున స్పష్టమైన చుక్కగా కూడుకుంటాయి. కోటింగులు, సెన్సర్ ముందరి పొరలు ఏ రంగును ఎక్కువగా తిప్పుతాయో చుక్కకు ఆ రంగు వస్తుంది.

వీడియోలో ఇది ఇంకా తేలిగ్గా తెలుస్తుంది. కెమెరాను మెల్లగా ఒక పక్కకు తిప్పితే దీపం ఒక దిక్కుకు, చుక్క దానికి ఎదురు దిక్కుకు కదులుతాయి. ఫిల్టర్ తీసి అదే తోరణాన్ని మళ్లీ తీయండి.

పాత రీలు | సూర్యాపేట | సోమవారం ఉదయం 9:15

మాస్టారు చెప్పినదంతా సరైనదే. అయితే ఫిల్టర్ అంటేనే చెడ్డదని ఈ తమ్ముడు అనుకోకూడదని రాస్తున్నాను. 1980ల చివర నుంచి స్టూడియో నడుపుతున్నాను.

యూవీ ఫిల్టర్ వచ్చింది రీళ్ల కాలానికి. ఫిలిం మీద మన కంటికి కనిపించని అతినీలలోహిత కాంతి కూడా ముద్ర వేసేది. దూరపు కొండలు తీస్తే నీలి పొగ కమ్మినట్టు వచ్చేవి. దాన్ని ఆపడానికి యూవీ, ఇంకొంచెం గులాబీ వన్నె కావాలంటే స్కైలైట్ వాడేవాళ్లం. డిజిటల్ కెమెరాలో సెన్సర్ ముందే ఆ కాంతిని చాలావరకు ఆపే పొర ఉంటుంది. కాబట్టి ఇప్పుడు యూవీ ఫిల్టర్ చేసే పని కూడా లెన్సు ముఖాన్ని కాపాడటమే. ఆ పని ఒక్కటే కావాలంటే రంగును కదిలించని క్లియర్ ఫిల్టర్ ఉండనే ఉంది. హోయా, కెంకో వాళ్లు దాన్ని ప్రొటెక్టర్ అంటారు, కెనాన్ ప్రొటెక్ట్ అంటుంది, నికాన్ ఎన్‌సీ అని రాస్తుంది, బీ ప్లస్ డబ్ల్యూలో 007 అని ఉంటుంది. చౌక యూవీలు కొన్నింటిలో పసుపు ఛాయ కూడా ఉంటుంది. తెల్ల కాగితం మీద పెట్టి చూస్తే కనిపిస్తుంది.

మన పెళ్లిళ్లు ఎలాంటివో చూడండి. మంగళస్నానంలో పసుపు నీళ్లు చల్లుతారు. నలుగు పెట్టేటప్పుడు నూనె చేతులతో మన భుజం తట్టి, కెమెరా పట్టుకుని ‘ఇటు తీయి’ అంటారు. తలంబ్రాలు మన ముఖానికే వచ్చి తగులుతాయి. రోజుకు ఎన్నిసార్లు లెన్సు తుడుస్తామో లెక్కపెట్టండి. పసుపు కలిసిన నూనె మరక లెన్సు ముందు గాజు మీద పడితే రుద్దాలంటే చేయి వణుకుతుంది. ఫిల్టర్ మీద పడితే దాన్ని విప్పి, మరొకటి బిగించి పని సాగించవచ్చు. ముహూర్తం మన కోసం ఆగదు కదా.

పాలమూరు కొంగ | మహబూబ్‌నగర్ | సోమవారం మధ్యాహ్నం 1:30

నేను ఫిల్టర్ పెట్టను. కోయిల్‌సాగర్‌లో, చెరువు గట్ల మీద పక్షులు తీస్తాను. నా జూమ్ 600 మిల్లీమీటర్ల దాకా వెళ్తుంది, ఫిల్టర్ బిగించే మర కొలత 95 మిల్లీమీటర్లు. మొదట్లో భయపడి తక్కువ ధరలో ఒకటి కొన్నాను. ఒక చలికాలమంతా కొంగ ఈకలు పిండి అద్దినట్టు వస్తుంటే నా చేతి వణుకే అనుకున్నాను. తర్వాత ఒక ఉదయం స్టాండు మీద కెమెరా పెట్టి, 20 అడుగుల దూరంలో గోడకు దినపత్రిక అతికించి, టైమర్‌తో ఫిల్టర్ ఉంచి పది, తీసి పది ఫోటోలు తీశాను. ఉంచినప్పుడు చిన్న అక్షరాలు అలుక్కుపోయాయి. తీసినప్పుడు కామాలు కూడా చదవగలిగాను. పలక సమతలంగా లేకపోతే ఆ లోపాన్ని పొడవు లెన్సు పెద్దదిగా చేసి చూపిస్తుంది. 24 దగ్గర అసలు కనిపించని దోషం 600 దగ్గర దాగదు.

ఎవరైనా ఈ పరీక్ష చేస్తే ఉదయం పూట, దగ్గరి వస్తువు మీద చేయండి. ఎండ ముదిరాక నీళ్ల మీద, బండల మీద ఆవిరి తెరలు లేచి ఏ లెన్సయినా మసకగా తీస్తుంది. ఆ నింద ఫిల్టర్ మీద వేయకూడదు.

నాకు రక్ష పొడవాటి హుడ్, లెన్సు మూతికి బిగించే గొట్టంలాంటి తొడుగు. కంప కొమ్మ గీరినా, వేలు తగలబోయినా ముందు హుడ్ అడ్డుకుంటుంది. ఎదురెండను కూడా ఆపుతుంది.

ఎడమ కాలువ | నాగార్జునసాగర్ | సోమవారం సాయంత్రం 6:50

కొంగ అక్కా, మీ చెరువు గట్టు మీద గాలి శుభ్రంగా ఉంటుంది. వానాకాలంలో ఇక్కడికి రండి. డ్యామ్ 26 గేట్లలో సగం ఎత్తినా చాలు, నీటి తుంపర పొగలా లేచి దూరాన నిలబడిన వాళ్లను కూడా తడిపేస్తుంది. నిమిషానికోసారి తుడవాల్సిందే. అప్పుడు క్లియర్ ఫిల్టర్ లేకుండా నేను కెమెరా బయటికి తీయను. మేఘాలు కమ్మిన పగటి వెలుగులో చుక్కల బాధ ఉండదు, ఎదురుగా దీపాలు లేవు కాబట్టి.

ఇంకొక మాట. వాన, దుమ్ము తట్టుకుంటాయని చెప్పే లెన్సుల్లో కొన్నింటికి ముందు ఫిల్టర్ బిగిస్తేనే ఆ రక్షణ పూర్తవుతుంది. కెనాన్ 17-40, 16-35 పాత రకాల విషయంలో కంపెనీయే ఆ మాట చెప్పింది. మీ లెన్సుతో వచ్చిన పుస్తకం ఒకసారి తిరగేయండి.

మర్రిగూడ మట్టి | మర్రిగూడ | సోమవారం రాత్రి 8:05

నాకు రెండు సందేహాలు. ఫిల్టర్‌ను బోరు నీళ్లతో కడిగి ఆరబెట్టాను. గుండ్రంగా తెల్ల మరకలు పడ్డాయి, తుడిస్తే పోవడం లేదు. రెండోది: కొత్త ఫిల్టర్ల మీద ‘ఫ్లోరిన్ కోటింగ్’ అని రాస్తున్నారు. మా ఊళ్లో ఆ మాట వింటేనే పెద్దవాళ్ల వంగిన కాళ్లు కళ్లముందుకు వస్తాయి. మా తాతను నేను కర్ర లేకుండా చూడలేదు. ఇది అదేనా? చేతికి అంటుకుంటుందా?

గాజు లెక్క | గద్వాల | సోమవారం రాత్రి 9:30

మీరు అడిగినది అడగదగిన ప్రశ్నే. మన ప్రాంతపు గ్రానైట్ రాళ్లలో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలున్నాయి. అవి మెల్లగా భూగర్భ జలంలో కరిగి ఫ్లోరైడ్ అవుతాయి. ఆ నీరు ఏళ్ల తరబడి తాగినవారి ఎముకలకు ముప్పు. ఫిల్టర్ మీద ఉండేది వేరు. అక్కడ ఫ్లోరిన్ పరమాణువులు కర్బనంతో గట్టిగా పెనవేసుకుని నీటిలో కరగని పలుచని పొరగా ఉంటాయి. అట్లు అంటుకోని పెనం పూతకు దగ్గరి చుట్టం. నీటి బొట్టు, నూనె మరక నిలవకుండా జారిపోవడానికి దాన్ని వేస్తారు. కెమెరా పట్టుకున్నందువల్ల దాంతో భయం లేదు.

మీ తెల్ల మరకలు ఎక్కువగా కాల్షియం, మెగ్నీషియం లవణాలు. నీరు ఆవిరైపోయి అవి మిగిలాయి. కడిగితే డిస్టిల్డ్ వాటర్‌తో కడగండి, బ్యాటరీ దుకాణంలో దొరుకుతుంది. తడిని ఆరనివ్వకుండా మెత్తని మైక్రోఫైబర్ బట్టతో అద్దండి. లెన్సును మాత్రం ఎన్నడూ కడగకూడదు. శుభ్రపరిచే ద్రవమైనా బట్ట మీద ఒక చుక్క వేసుకోవాలి కానీ గాజు మీద పోయకూడదు.

మర్రిగూడ మట్టి | సోమవారం రాత్రి 9:48

మనసు కుదుటపడింది సార్. ధన్యవాదాలు.

మిల్లు ఊక | మిర్యాలగూడ | మంగళవారం ఉదయం 7:10

రైస్ మిల్లులు, క్రషర్లు, వాడపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, ఇవన్నీ తీయడమే నా పని. ఫిల్టర్ పెట్టాలా వద్దా అన్నది నేను గాలిని చూసి తేల్చుకుంటాను.

మిల్లులో ఊక దుమ్ము తేలిక, బ్లోయర్‌తో ఊదితే పోతుంది. గ్రానైట్ పొడి అలాంటిది కాదు. అందులో క్వార్ట్జ్ రేణువులుంటాయి. గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానంలో క్వార్ట్జ్‌ది 7, మామూలు గాజుది సుమారు 5.5. అంటే రేణువే గాజు కంటే గట్టిది. దాన్ని ఊదకుండా చొక్కా చెంగుతో తుడిస్తే గరుకు కాగితంతో రుద్దినట్టే. సిమెంటు పొడి మీద తడి తగిలితే గట్టిపడి పట్టుకుంటుంది, పైగా క్షారగుణం. వెల్డింగ్ షెడ్డులో గ్రైండర్ రవ్వలు మరీ చెడ్డవి, కాలుతున్న ఇనుప రేణువు గాజులోకి దిగి అతుక్కుపోతుంది. నా పాత ఫిల్టర్‌ను వెలుగుకు ఎత్తి చూస్తే మశూచి మచ్చల్లా గుంటలు కనిపిస్తాయి. ఆ గుంటలు లెన్సు మీద పడి ఉంటే ఏమయ్యేది?

చెరువుగట్టు జాతరలో అగ్నిగుండాల దగ్గరా ఇదే మాట. నిప్పుకణికల దుమారం ఎటు లేస్తుందో ఎవరూ చెప్పలేరు.

బరాత్‌లో డీజే బండి మీద లేజర్లు పెడుతున్నారు. వాటి ముందు ఏ క్లియర్ ఫిల్టరూ పనికిరాదు. లేజర్ నేరుగా లెన్సులో పడితే సెన్సర్ మీద శాశ్వతంగా గీతలు, చుక్కలు మిగులుతాయి. కెమెరా పక్కకు తిప్పేయడమే మార్గం.

పానగల్ గట్టు | మంగళవారం ఉదయం 8:25

ఇవన్నీ చదివి ఫిల్టర్ విప్పబోయాను. కదలడం లేదు. రెండేళ్లు తీయలేదు కదా, బిగుసుకుపోయింది. బలంగా పట్టి తిప్పితే ఇంకా బిగుస్తోంది. సాయంత్రం ఒక నిశ్చితార్థం ఉంది.

పాత రీలు | సూర్యాపేట | మంగళవారం ఉదయం 8:31

తమ్ముడూ, ఆగు. కటింగ్ ప్లయర్ పట్టుకుని దాని దగ్గరికి వెళ్లకు.

వేళ్లతో రెండు పక్కలా నొక్కితే చట్రం కోడిగుడ్డు ఆకారానికి వంగి మరల్లో ఇంకా ఇరుక్కుంటుంది. చుట్టూ సమానంగా పట్టు దొరకాలి. వెడల్పాటి రబ్బరు బ్యాండును చట్రం చుట్టూ బిగువుగా వేసి, వేళ్లన్నీ ఆనించి, నొక్కకుండా ఎడమకు తిప్పు. కాకపోతే శుభ్రమైన రబ్బరు చెప్పు అడుగును చట్రం మీద చదునుగా ఆనించి, తేలికగా అదిమి తిప్పు. గాజు మీద బరువు వేయకు. ఇత్తడి చట్రాలు ఇంతగా పట్టుకోవు, అల్యూమినియంవి పట్టుకుంటాయి. వచ్చాక మరల్లోని దుమ్మును మెత్తటి బ్రష్‌తో దులుపు. నూనె రాయకు, అది లోపలికి పాకుతుంది.

పానగల్ గట్టు | మంగళవారం ఉదయం 8:58

రబ్బరు బ్యాండుతో వచ్చేసింది సార్! ఫిల్టర్ వెనుక వైపు, లెన్సుకు ఆనుకుని ఉన్న ముఖం మీద, పలుచని మసక పొర ఉంది. బయటి ముఖం రోజూ తుడిచేవాడిని. ఇది ఉందని కూడా తెలియదు.

పాలమూరు కొంగ | మహబూబ్‌నగర్ | మంగళవారం ఉదయం 9:20

అందుకే నెలకోసారైనా విప్పమంటాను. వానాకాలంలో తడి ఆ సందులో చిక్కుకుంటే బూజుకు చోటిచ్చినట్టే. ఫిల్టర్ బూజును ఆపదు. లెన్సును సిలికా జెల్ పొట్లాలు వేసిన బిగుతు డబ్బాలో పెట్టండి, తోలు సంచిలో మూసి బీరువాలో దాచకండి.

ఎడమ కాలువ | నాగార్జునసాగర్ | మంగళవారం సాయంత్రం 5:15

కింద పడ్డప్పుడు కాపాడుతుందన్న సంగతి ఎవరూ రాయలేదేమి? నా కెమెరా మెట్ల మీద పడితే ఫిల్టర్ ముక్కలైంది, లెన్సుకు ఏమీ కాలేదు.

గాజు లెక్క | గద్వాల | మంగళవారం సాయంత్రం 7:00

ఇక్కడ నేను విభేదిస్తాను. ఫిల్టర్ గాజు పలుచన, లెన్సు ముందు గాజు దానికి ఎన్నో రెట్లు మందం. పలుచని పలక పగిలిన దెబ్బకు మందపు గాజు కూడా పగిలి ఉండేదని చెప్పలేం. ఫిల్టర్ లేకపోయినా మీ లెన్సు అలాగే ఉండేదేమో. పగిలిన పెంకులే లెన్సు మీద గీతలు పెట్టవచ్చు. పడినప్పుడు దెబ్బను మింగేది హుడ్, అది ప్లాస్టిక్ కాబట్టి వంగుతుంది, విరుగుతుంది, అదరును లోపలికి పోనివ్వదు.

ముందు గాజు మీద ఒక చిన్న గీత పడితే కూడా బెంగపడకండి. అంత దగ్గరి గీత ఫోకస్‌లో ఉండదు, ఫోటోలో కనిపించదు. ఎదురు వెలుతురులో మాత్రం కాస్త తెల్లగా కమ్ముతుంది.

పాత రీలు | సూర్యాపేట | మంగళవారం రాత్రి 8:40

మాస్టారూ, నాకూ ఒక అనుభవం ఉంది. రెండేళ్లకోసారి జరిగే దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరలో, జనం తోపులాటలో నా కెమెరా మూతి కిందికి పడింది. చట్రం నొక్కుకుపోయి లెన్సు మరల్లో ఇరుక్కుంది. పెంకులు లోపల. లెన్సును కిందికి వంచే ఉంచి, తట్టకుండా, ఊదుడు బల్బుతో ఊది ఊది పెంకులు రాల్చాను. ముందు గాజు మీద వెంట్రుకంత గీత పడింది, అది పెంకు పెట్టినదే. పడిపోవడం విషయంలో మీ మాటే నిజమని నేనే సాక్ష్యం చెప్పగలను.

కానీ నేను ఫిల్టర్ పెట్టేది పడిపోవడం కోసం కాదు, తుడవడం కోసం. నా మొదటి లెన్సును రోజుకు పదిసార్లు తుడిచి తుడిచి పదేళ్లలో కోటింగ్ మధ్యలో అరగదీశాను. ఏ ఒక్క రోజూ ఏమీ జరగలేదు. పదేళ్ల తర్వాత చూస్తే మధ్యలో మందార రంగు మెరుపు పోయి గాజు బోసిగా ఉంది.

గాజు లెక్క | గద్వాల | మంగళవారం రాత్రి 9:02

తుడవడం గురించి మీరు చెప్పింది ఒప్పుకుంటున్నాను సార్. నేను ఆలంపురం శిల్పాల ఫోటోలు తీసుకునేవాడిని, రోజుకు పదిసార్లు తుడిచే అవసరం నాకు రాలేదు. అందుకే ఆ వైపు ఆలోచించలేదు.

పానగల్ గట్టు | గురువారం రాత్రి 9:45

అందరూ చెప్పినట్టు పరీక్షలు చేశాను. చూసినది రాస్తున్నాను.

మొదట ఇంటి ముందు సీరియల్ లైట్లు. ఫిల్టర్ ఉంటే ఆకుపచ్చ చుక్కలు, తీస్తే ఒక్కటీ లేదు.

ఈ ఉదయం ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్లాను. మూడు గర్భగుళ్లలో ఒకదానిలో స్తంభం నీడ పగలంతా లింగం మీదే నిలబడుతుందని అందరికీ తెలిసిందే. లోపల చీకటి, వాకిలి వైపు తిరిగితే కళ్లు జిగేలుమనే వెలుగు. వాకిలి చట్రంలో పడేలా లోపలి స్తంభాలను తీశాను. ఫిల్టర్‌తో తీసిన దాంట్లో నల్లరాయి బూడిద రంగులోకి దిగిపోయింది, చెక్కడాల మీద పాలు కలిపినట్టు తెలుపు కమ్మింది. ఫిల్టర్ విప్పి, అదే చోట, అదే సెట్టింగుతో తీస్తే రాయి నల్లగా నిలబడింది, చెక్కిన గంటలు ఒక్కొక్కటీ లెక్కపెట్టగలిగాను. రెండేళ్లుగా ఈ గుడిని తీస్తూ ‘ఈ రాయి ఇంతే’ అనుకున్నాను.

ఇక చివరి ప్రశ్న. పెళ్లిళ్లు మానలేను, పసుపు నీళ్లు తప్పవు. మంచి క్లియర్ ఫిల్టర్‌ను గుర్తుపట్టడం ఎలా?

మిల్లు ఊక | మిర్యాలగూడ | గురువారం రాత్రి 10:10

ట్యూబ్‌లైట్ కింద పట్టుకుని పక్క నుంచి చూడండి. కోటింగ్ లేని దాంట్లో ట్యూబ్‌లైట్ తెల్లగా, అద్దంలో కనిపించినట్టు కనిపిస్తుంది. మల్టీకోటింగ్ ఉంటే ఆ బింబం బాగా మసకబారి ఆకుపచ్చగానో ఊదాగానో ఉంటుంది. మీ పాత ఫిల్టర్‌ను పక్కన పెట్టుకుని పోల్చండి. పేరున్న కంపెనీల ముద్రతో నకిలీలు తిరుగుతున్నాయి, కాబట్టి బిల్లు ఇచ్చే చోటే కొనండి, ఈ పరీక్ష అక్కడే చేయండి.

కొలత కోసం లెన్సు ముందు అంచున గీత కొట్టిన సున్నా పక్కన ఉన్న అంకె చూడాలి. 24-105 అన్నది ఫోకల్ పొడవు, మర కొలత కాదు. మీది 77 అయి ఉండాలి. వెడల్పు వైపు తీసేటప్పుడు మూలలు నల్లబడకుండా పలుచని చట్రం తీసుకోండి. పోలరైజర్ (మెరుపులు తగ్గించే ఫిల్టర్) బిగించేటప్పుడు క్లియర్ తీసేయండి, ఒకదాని మీద ఒకటి వద్దు.

పానగల్ గట్టు | శనివారం ఉదయం 11:20

77, మల్టీకోటింగ్ ఉన్నది తెచ్చాను. దుకాణంలోనే ట్యూబ్‌లైట్ కింద పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూపిస్తే దుకాణదారే ఆశ్చర్యపోయాడు. రాత్రి తోరణం ముందు కూడా తీసి చూశాను. చుక్కలు పూర్తిగా పోలేదు, పెద్దగా చేసి వెతికితే మూడు నాలుగు మసకగా ఉన్నాయి. రేపు నకిరేకల్‌లో పెళ్లి. మంగళస్నానం, తలంబ్రాలప్పుడు ఉంచుతాను. రాత్రి రిసెప్షన్‌కు దీపాలు వెలిగించగానే విప్పి హుడ్ పెడతాను.

ఆ 40 ఫోటోలు కూడా నిన్నటితో చక్కబెట్టి ఇచ్చేశాను.

పాత రీలు | సూర్యాపేట | శనివారం మధ్యాహ్నం 12:05

మంచిది తమ్ముడూ. విప్పిన ఫిల్టర్‌ను జేబులో వేసుకోకు, డబ్బాలో పెట్టి ఆ డబ్బాను సంచిలో ఎప్పుడూ ఒకే అరలో ఉంచు. బిగించేటప్పుడు ముందు ఎడమకు పావు చుట్టు తిప్పి, మర పడిన చిన్న చప్పుడు విన్నాక కుడికి తిప్పు. వేళ్ల కొనలతో ఆపేయి, బిగించకు.